ముప్పై ఏడు

హాజరు పట్టీలో నేను ముప్పై ఏడు.
ముప్పై రెండు దగ్గరే
అరచేతులు తడిసిపోతాయి.
ముప్పై ఐదు, మునిరత్నం, బల్ల గుద్దినట్టు పలుకుతాడు.
ముప్పై ఆరు, షంషాద్, పెన్ను నములుతూనే అనేస్తుంది.
నా వంతు వచ్చేసరికి
గొంతులో ఎవరో గొళ్ళెం పెట్టేస్తారు.
అన్నాననే అనుకుంటాను.
దేవసేన మేడమ్ తలెత్తకుండా ఆబ్సెంట్ వేస్తుంది.
ఆ రోజంతా
రాని మనిషిగా
మూడో బెంచీలో కూర్చుంటాను.

"ఎంత నెమ్మదస్తురాలో పిల్ల" అంటారు చుట్టాలు.
నెమ్మది కాదు పిన్నీ,
లోపల సంత జరుగుతా ఉంటుంది.
అనాల్సిన మాటలన్నీ
ఎవరు ముందు పోవాలో తేలక
కొట్లాడి కొట్లాడి
పొద్దుగూకినాక మూటలు కట్టుకుని వెళ్ళిపోతాయి.

ఇంటర్లో ఒకసారి
డిటర్మిన్ అనే మాటను డిటర్‌మైన్ అని చదివాను.
అరవై మంది నవ్వారు.
అరవై మందీ మరిచిపోయుంటారు.
నేను మాత్రం ఆ నవ్వును
టిఫిన్ డబ్బాలా
రోజూ తిరుపతికి మోసుకెళ్తాను,
మూత తియ్యకుండా మోసుకొస్తాను.

సాయంత్రం పుత్తూరు బస్సు.
మా గుండ్లమిట్ట దగ్గర ఆపాలంటే
"దిగాలన్నా" అని ఒక్క కేక చాలు.
రెండు మాటలు కూడా కాదు, ఒకటిన్నర.
మనసులో ఎన్ని కేకలేశానో!
బస్సు చెవిటిదానిలా పోతానే ఉండింది.
తర్వాతి స్టాపులో ఎవరి వెనకో దిగి
మామిడితోపుల వెంబడి
రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచేదాన్ని.
అమ్మ అడిగితే "బస్సు లేటు" అనేదాన్ని.
అబద్ధానికి మాత్రం
గొంతు ఎంచక్కా పలికేది.

మా పెదనాయన పుత్తూరులో కట్లు కడతాడు.
వాచిన ముంజేతిని వేళ్ళతో వింటాడు.
పసరాకు నూరిస్తూ అడిగాను ఒకనాడు:
"గొంతుకు కట్టు కడతావా పెదనాయనా?"
ఆయన నవ్వలేదు.
"కట్టు అతికించేదానికి కాదు మే,
కదలకుండా పెట్టేదానికి.
అతుక్కునేది ఎముకే.
కట్టిప్పినాక నొప్పున్నా కదపాల.
నొప్పని అట్నే పెట్టుకున్నావో,
చెయ్యి కట్టెగా నిలిచిపోతాది."
అని గుడ్డు పగలగొట్టుకున్నాడు.
మూడేళ్ళుగా నేను కట్టు విప్పలేదని
ఆయనకెవరు చెప్పారో.

ఆ వారమే బస్సులో
సీతాఫలాల గంపతో ఒకామె.
జనం మధ్య ఇరుక్కుని
"ఆపయ్యా, ఆపయ్యా" అంటోంది.
ఆమె గొంతు ఇంజన్ కింద పడి నలుగుతోంది.
నా లోపల సంతలో
బేరం మొదలయ్యే లోపే
"అన్నా, దిగాల! ఆపన్నా!"
ఎవరిదా కేక అని
అందరితో పాటు నేనూ తిరిగి చూశాను.

బస్సు ఆగింది. గంప దిగింది.
ఆమె కిటికీలోంచి ఒక పండు
నా ఒళ్ళో పడేసి పోయింది.
ఇంత జరిగినా
అందరూ నన్నే చూస్తున్నారన్న బెరుకులో
ఆరోజూ నా స్టాపు దాటిపోయాను.
వెనక్కి నడుస్తూ
తోపు వైపు తిరిగి "దిగాలన్నా" అన్నాను.
పడుకున్న కుక్క ఒకటి లేచి
నన్ను చూసి
మళ్ళీ పడుకుంది.

శుక్రవారం నా సెమినార్.
రెండు నిమిషాలు, ఆస్మాసిస్.
మోకాళ్ళు వణికాయి. వణకనీ,
కట్టిప్పిన చెయ్యి వణకదా.
రెండో వాక్యం మరిచిపోయి మూడోది చెప్పాను.
నీళ్ళు పల్చన నుంచి చిక్కదనానికి పోతాయని
బోర్డు మీద బాణం గీస్తుంటే సుద్దముక్క విరిగింది.
వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.
నా మీదో, వాళ్ళ గోలో
తేల్చుకోడానికి నేను ఆగలేదు.

ఇప్పటికీ
ముప్పై రెండు దగ్గరే అరచేతులు తడుస్తాయి.
చున్నీకి తుడుచుకుంటాను.
ముప్పై ఐదు. ముప్పై ఆరు.
ఈ పొద్దు ఎంత గట్టిగా అన్నానో తెలీదు గానీ
షంషాద్ పెన్ను నమలడం ఆపింది.