బస్తా అంటే ఏంది

మిర్యాలగూడ బైపాసు మీద మా మూడు మిల్లులు.
లారీ వడ్లు ఒకటే, లెక్కలు ఐదు:
కాంట కాడ ఒకటి,
హమాలీల గోడ మీద బొగ్గుతోని ఒకటి,
బాయిలరాయన జేబుల ఒకటి, సేటు ఫోన్ల ఒకటి,
నా ఖాతా పుస్తకంల ఒకటి.
ఐదూ ఒక్కతీరు కలిసిన రోజు
ఇరవయ్యారేండ్లల్ల నేను చూడలే.

కంప్యూటర్లు పెడ్తదంటె ఫర్హానా వచ్చింది.
సంచిలకెల్లి కంప్యూటర్ తియ్యలే.
డ్రాయింగు కాగితం పరిచి నడుమ సున్న గీసి
ఎవరికేం గావాలె అనడిగింది.
"అన్నీ నాకు కనవడాలె" సేటు.
"మా బస్తాలు తక్కువ రాయొద్దు" హమాలీ ముత్తిలింగం.
పైసలు ఏనాడు పడ్తయో తెల్వాలె అన్నడు
ట్రాక్టర్ మీదికెల్లి దిగకుంటనే ఓ రైతు.
నేనేం అనలే. నాకు గావాల్సింది నా కుర్సీ.
అన్నీ సున్నల రాసింది,
నేను అననిది గూడ.

తర్వాత వడ్లెంబడి నడిచింది.
కాంట నుంచి నానబోసే తొట్టికి, ఆవిరికి, డ్రయ్యర్‌కు,
పొట్టు ఊడేకాడికి, మళ్ల నా బల్లకాడికి.
వారం దినాలు.
చెప్పుల నిండ తవుడు.

ఒకనాడు అందర్ని కూసోబెట్టి అడిగింది: బస్తా అంటే ఏంది?
నవ్వినం.
కాంటాయన నలభై కిలోలన్నడు.
గోదామోడు యాభై అన్నడు.
ముత్తిలింగం మెడ రుద్దుకుంట
"ఒక వీపు" అన్నడు.
నవ్వు ఆగింది.
ఇన్నేండ్ల తేడా ఆ ఒక్క మాటల ఉండె.

మిషిన్ల ముచ్చట గప్పుడొచ్చింది, ఆఖరికి.
ఇయ్యాల్టి మిల్లు బొమ్మ, రేపటి మిల్లు బొమ్మ
గోడకు పక్కపక్కన అంటించి
నడిమి ఖాళీని చూపించి
"మన పని ఇదే" అంది.

యాసంగి వడ్లు దిగుతుంటె ముట్టద్దమ్మా అన్న.
అదే నేను నోరు తెరిచిన మొదటిసారి.
తారీకు కొట్టేసి వానకాలం ముందు రాసుకుంది.
ముందు చిన్న మిల్లు. అది నిలవడ్డంకనే పెద్దది.

ఆమె లేని ఒక పొద్దు
సేటు బామ్మర్ది సూర్యాపేట నుంచి
సగం ధరకు ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చిండు.
నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో,
"బొమ్మల ఇది యాడుంది?" అన్న.
సేటు నా దిక్కు జూసిండు.
పెట్టె తిరిగి కారెక్కింది.

ఇప్పుడు ఐదు లెక్కలు రెండయినయి.
రెండోది గోడ మీది బొగ్గుగీతలు,
ముత్తిలింగం తుడువనియ్యడు.
ఆమె తుడువమనలే,
బొమ్మల దానికొక గడి ఇచ్చింది.

తవుడు నూనె మిల్లు పెడ్తరట వచ్చే ఏడు.
నిన్న మళ్ల కాగితం పరిచింది.
సున్న గీయకముందే
నా కుర్సీ ఆమె దగ్గరికి జరుపుకున్న.