ఆరంగుళాల ఆనకట్ట

త్రాంగ్‌లో వాన పట్టిందంటే
నా గది ముందు చెప్పులు పెరుగుతాయి.
తడిసిన బెరడు మీద ఎవరూ కత్తి పెట్టరు,
పాలు కప్పులోకి దిగక కాండమంతా పారుతుంది.
గీత లేని పూటే
తోట జనానికి పన్ను గుర్తొస్తుంది.

లమోమ్ పెద్దమ్మ పోయిన వానలకే రావాల్సింది.
లవంగం నొక్కి, ఉప్పునీళ్లు పుక్కిలించి,
దవడకి వేడి గుడ్డ కట్టి
ఈ వానల దాకా లాక్కొచ్చింది.
ఎడమ కింది దవడ పన్ను. నరం దాకా పుచ్చు.
కుర్చీ వెనక్కి వాలుతుండగానే మొదలెట్టింది:
కోడలు కొన్న వాషింగ్ మెషీన్,
పక్క తోటవాడు జరిపిన సరిహద్దు రాయి,
సంఘంలో పాలు తూచే కుర్రాడి బొటనవేలి బరువు.
మత్తు సూది కూడా
ఆ మాటల సందు చూసుకునే గుచ్చాను.
పెదవి మొద్దుబారినా కథ ఆగలేదు,
కాస్త పక్కకి ఒరిగి నడిచింది.

"నొప్పైతే ఎడమ చెయ్యెత్తు" అని చెప్పి
నీలం పొర తీశాను.
ఆరంగుళాల చదరం. పుదీనా వాసన.
దానికో రంధ్రం, మిరియపు గింజలో సగం.
క్లాంపు రెక్కలకు తొడిగి
పంటి మెడ దగ్గర వదిలాను.
టిక్.
నాలుగు మూలలూ ఫ్రేము ముళ్లకి లాగి కట్టాక
నోరంతా మునిగిపోయి
ఒక్క పన్ను మిగిలింది,
వరదలో తేలిన గుడిసె కప్పులా.
కింద నాలుక
కరెంటు పోయిన గదిలో తలుపు వెతుక్కుంటోంది.

చదువుకునే రోజుల్లో దీన్ని ఎగ్గొట్టేదాన్ని.
దూది చుట్టలు చాలనుకునేదాన్ని.
ఒక సాయంత్రం ఫైలు వేళ్లలోంచి జారి
ఒక బడిపిల్లాడి గొంతు మలుపు దాకా పోయింది.
దగ్గాడు. నా అరచేతిలో పడింది
ఇరవయ్యొక్క మిల్లీమీటర్ల స్టీలు.
వాడు నవ్వాడు.
నేను మెట్ల కింద కూర్చుని వాంతి చేసుకున్నాను.
అప్పట్నుంచి
కట్ట వెయ్యకుండా కాలువ తవ్వను.

నా నుదుటి దీపం ఆమె కళ్లలో పడింది.
రాత్రి ఒంటిగంటకి ఆమె నుదుటా ఇలాంటిదే వెలుగుతుంది.
ఏటవాలు గీత, వెంట్రుకవాసి బెరడు.
లోతైతే చెట్టుకి గాయం,
పైపైన గీస్తే చుక్క రాదు.

చెయ్యెత్తింది.
ఆగాను. నొప్పి కాదట.
వేలితో పొరని చూపించి, ఏదో అడిగి,
తన గొంతు తనకే వినిపించక విసుక్కుంది.
ఇంకో రెండుసార్లు ఎత్తింది.
ఆ చూపు నాకు అర్థం కాలేదు.

పొర తీసేసిన క్షణానే:
"ఇది ఏ తోటది?"

ఏ తోటదీ కాదు పెద్దమ్మా,
ఫ్యాక్టరీలో వండింది.
చెట్టు పాలు కొందరికి పడవు,
ఒళ్లంతా దద్దుర్లొస్తాయి,
అందుకే ఇది తెప్పిస్తున్నాం.

నోటికి అడ్డేమీ లేదు.
అయినా చాలాసేపు మాట రాలేదు.
నలభై ఏళ్ల జిగురు నల్లబడిన
వేళ్ల సందులు చూసుకుంది.
"పాలు పడనివాళ్లు కూడా ఉంటారా..."
తర్వాత, తిమ్మిరి పెదవితో వంకరగా:
"అందుకన్నమాట కిలో ధర అట్లా పడింది."
ట్రేలోంచి పొర తీసి
బొటనవేళ్లతో సాగదీసి వదిలింది.
"సాగుడు బాగానే ఉంది.
వాసనే, మిఠాయి కొట్టుది."

పదిహేను రోజులకి మళ్లీ వాన. రెండో విడత.
సంచిలోంచి పాత పేపరు మడత విప్పింది.
తన షెడ్డులో తనే తిప్పిన రబ్బరు,
పొగ పట్టి తేనెరంగు, చెప్పు అట్టంత మందం,
కత్తిరించిన కొలత మాత్రం
సరిగ్గా ఆరంగుళాలు.
నడుమ మేకుతో పొడిచిన రంధ్రం,
ఏనుగు పన్నయినా దూరుతుంది.
గదంతా పుల్లటి కంపు.
"ఇది కట్టు."

ఇది పనికిరాదని చెప్పాలి.
చెప్పేలోపే కుర్చీ ఎక్కి వాలిపోయింది.
వాషింగ్ మెషీన్ చెడిపోయిందట.
సరిహద్దు రాయి మళ్లీ నడిచిందట.

నీలం పొర చేతిలో పట్టుకుని
కాసేపు అలాగే నిలబడ్డాను.