రసీదు లేని పద్దు

ఎనిమిది వందల యాభై పౌండ్లు.
కౌన్సిల్ వాళ్ళ ఉత్తరంలో ఆ అంకె ఒక్కటే లావుగా అచ్చైంది,
మేం ఎత్తుకుపోకుండా బరువు పెట్టినట్టు.

దరఖాస్తు నింపింది నా వంటింటి బల్ల మీద.
పదిహేడు పేజీలు, మూడు కెటిల్‌ల టీ.
"లబ్ధిదారులు ఎందరు?" అన్న గడిలో
జానెటా తన నలుగురు పిల్లల్నీ రాయమంది,
కడుపులో ఉన్నది లెక్కకొస్తుందా అని అడిగింది.
తెస్ఫలెమ్ తేనెటీగల్ని కూడా కలపమన్నాడు.
నేను ముప్పై ఏళ్ళు గ్లాస్గో బస్సు నడిపినదాన్ని,
ఎక్కినవాళ్ళనే లెక్కపెడతాను.
అరవై ఒకటి అని రాశాను.

"ఆశించే ఫలితాలు?"
ముల్లంగి, అన్నాడు తెస్ఫలెమ్.
"సామాజిక సమైక్యత" అని రాసి
పక్కనే చిన్న అక్షరాల్లో
ముల్లంగి కూడా పట్టించాను.

స్థలం మా వీధి వెనకే.
నాలుగంతస్తుల రాతి ఇళ్ళ వరసలో
పన్ను ఊడిన చోటు.
వానకు ఉబ్బిన పరుపులు, సోఫా, సోఫాలో ఒక నక్క.
ఎప్పుడో అక్కడ రంగుల కార్ఖానా ఉండేదట.
పార దించకముందే మట్టిని పరీక్షకు పంపాలన్నారు.
రెండు వందల పన్నెండు పౌండ్లు పోసి
సీసం ఉందని చెప్పించుకున్నాం.
మందుకని దాచిన డబ్బు
రోగం పేరు తెలుసుకోవడానికే చెల్లు.

సరే, నేలను ముట్టకుండానే సాగు.
పాత పరంజా పలకలతో పెట్టెలు,
పెట్టెల్లోకి లారీలో వచ్చిన కొన్న మట్టి.
ఇన్సూరెన్సుకు నూట పద్దెనిమిది,
ఏ క్యారెట్ ఎవరి కాలికి అడ్డం పడుతుందోనని.

నీళ్ళ సంగతి దరఖాస్తులో ఎవరం రాయలేదు.
ఈ ఊళ్ళో నీళ్ళ గురించి అడిగేదెవరు?
ఏడాదిలో సగం రోజులు ఆకాశం కారుతూనే ఉంటుంది.
ఆ మే నెలలో మాత్రం
పంతొమ్మిది రోజులు చినుకు లేదు.
జానెటా పిల్లలు పాల డబ్బాలతో మోశారు,
దారి పొడుగునా సగం ఒలకబోస్తూ.

మూడో అంతస్తు పెటిగ్రూ
(మా మీద రెండు ఫిర్యాదులు ఆయనవే,
ఎలుకలొస్తాయని ఒకటి, గోలని ఒకటి)
కిటికీ ఎత్తి అరిచాడు:
"చిక్కుళ్ళు చచ్చిపోతున్నాయి, కళ్ళు లేవా మీకు?"

మర్నాడు పదిహేను పౌండ్ల ఇరవై పెన్నీల పచ్చ గొట్టం
ఆయన వంటింటి కుళాయి నుంచి
గోడవెంట పాములా దిగింది.
"ఏడింటికి కట్టేస్తా. టీవీలో నా క్విజ్ ఉంది."
ఏడున్నరయింది.
క్విజ్ చప్పుడు కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది,
నీళ్ళూ వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నవంబరు. లెక్క అప్పజెప్పాలి.
చెప్పుల డబ్బాలో రసీదులన్నీ మట్టివేళ్ళ ముద్రలతో.
తాళం కొన్న రసీదు వెనక
జానెటా రెండోది గీసిన నక్క.
అన్నీ కూడితే ఎనిమిది వందల నలభై ఆరు పౌండ్ల అరవై.
మిగిలిన మూడు పౌండ్ల నలభై పెన్నీలు వెనక్కి పంపాలట.
పంపే ఖర్చు ఎవరిదో ఎక్కడా లేదు.

చివరి పేజీలో ఇంకొక గడి:
"ఉచితంగా అందినవి, వాటి విలువ."
మా ఇళ్ళలో నీటికి మీటరు ఉండదు.
ఎన్ని బకెట్లో, ఎంత ధరో
ఏ కాగితమూ చెప్పదు.
మెట్లెక్కి వెళ్ళి అడిగాను.
తలుపు గొలుసు తీయకుండానే అన్నాడు:
"నీళ్ళకు రసీదా? పనిలేదా నీకు?
ఆ ముల్లంగి మరీ ఘాటు. వచ్చే ఏడు వేయొద్దని రాసుకో."

కిందికొచ్చి "నీళ్ళు" అని రాశాను.
విలువ దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది,
దిగేవాళ్ళెవరూ లేని స్టాపులో
అలవాటుకొద్దీ బస్సు ఆగినట్టు.
ఖాళీగానే వదిలేశాను.

ఆ తర్వాత మొదటి పేజీకి తిప్పి
అరవై ఒకటిని కొట్టేసి
అరవై మూడు చేశాను.
ఆగస్టులో పుట్టిన పాప ఒకటి.
ఒక్కరోజూ తోటలోకి దిగిరాని పెటిగ్రూ ఒకటి.
తప్పుడు లెక్కంటే అననీ.