బొమ్మ లేని అక్షరం

మా గది రెండో అంతస్తు, మెట్ల మలుపులో.
'అంతర్జాతీయ కార్యక్రమాల' వరకే బోర్డు సరిపోయింది,
'విభాగం' కింది వరుసలోకి జారింది.

అంతర్జాతీయం అంటే ముగ్గురం.
వీసా కాగితాలు చూసే గౌసియా.
మార్కుల్ని క్రెడిట్లు చేసి
క్రెడిట్లని మళ్ళీ మార్కులు చేసే నేను.
మాలకొండయ్య.

ఒప్పందాల మీద సంతకాలు పెద్దవాళ్ళవి,
శాలువాలూ, ఫొటోలూ వాళ్ళవే.
వేడినీళ్ళొచ్చే హాస్టలు గది వెతకడం,
దిగిన ఇరవై నాలుగు గంటల్లో సి-ఫారం నింపడం,
కారం లేకుండా ఏదైనా వండమని
మెస్సులో చెంగమ్మని బతిమాలడం
ఇవి ఏ ఒప్పందంలోనూ ఉండవు.
"కారం లేకుండా కూరేంది?" అని చెంగమ్మ
నిజంగానే అర్థంకాక అడుగుతుంది.

కాకుటూరు ఎండ కిటికీ ఊచల్ని టేబుల్ మీద పరిచే వేళకి
వియత్నాంలో గంటన్నర పొద్దు ఎక్కువ వాలి ఉంటుంది.
మేం జవాబు రాసేలోపు వాళ్ళు తాళాలేసుకుని వెళ్ళిపోతారు.
అలా ఏడు నెలలు, నలభై ఒక్క ఉత్తరాలు
ఒక్క అమ్మాయి కోసం.

రేపు రాత్రి మద్రాసులో దిగుతుందనగా
అట్టముక్క ముందు కూర్చున్నాం.
పేరులో ఎన్ పక్కన జీ, ఆ పక్కన యూ.
"ఎన్‌గుయెన్" అన్నాను.
"నుగ్యాన్" అంది గౌసియా.
డైరెక్టర్ గారు మొన్న సభలో "న్యూజెన్" అనేసి
చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

మాలకొండయ్య టీ గ్లాసులు కింద పెట్టి
"ఆ పిల్ల పంపిన వాయిస్ మెసేజ్ పెట్టండి మేడమ్" అన్నాడు.
ఒకసారి విన్నాడు.
ఫ్యానాపి ఇంకోసారి.
మూడోసారి కళ్ళు మూసుకుని.
"ఇది ఙ."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.
"క ఖ గ ఘ ఙ. ఆ ఙ మేడమ్.
మా అయివారు కొట్టి నేర్పిచ్చినాడు.
అన్నిటికీ బొమ్మలుండె. గ కి గంప, ఘ కి ఘటం.
దీని పక్కన ఏమీ లేదు, ఉత్త గడి.
'ఇదెందుకయ్యోరా' అని అడిగితే
ఇంకోటి తగిలిచ్చినాడు."

నా చదువంతా తెలుగు మీడియమే.
పదో తరగతి తర్వాత ఆ అక్షరాన్ని
ఎక్కడ వదిలేశానో గుర్తులేదు.
అతను మార్కర్ తీసుకుని
చంటిబిడ్డని పడుకోబెట్టినంత నెమ్మదిగా రాశాడు:
ఙ్వియెన్.

తర్వాతిది అతను చెప్పిందే.
రాత్రి ఒకటింబావు. అద్దాల తలుపుల బయట అందరి చేతుల్లోనూ ఇంగ్లీషు.
ఆ అమ్మాయి అట్టని చదవలేక దాటిపోతోంది.
అతను పిలిచాడు.
ట్రాలీ ఆగింది.
"మళ్ళీ అనమనింది మేడమ్. మళ్ళీ అన్నా.
నవ్వతా ఏడ్సింది. దేనికో నాకు తెలవలా."

సూళ్ళూరుపేట దాకా నిద్రపోయిందట.
మనుబోలు దాటాక తెల్లవారి
రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే
అద్దానికి ముక్కు ఆనించి, ఫోన్‌లో ఏదో మాట్లాడి
తెలుగులో వినిపించింది:
మా నాన్నకు కూడా ఉన్నాయి.
పోయినేడు అన్నీ చచ్చిపోయాయి.
"వైట్ స్పాటా?" అన్నాడట మాలకొండయ్య,
తన బావమరిది మునిగిందీ దాంట్లోనే.
ఆ మాటకి ఫోన్ అక్కర్లేకపోయింది.

సి-ఫారంలో పేరు ఇంగ్లీషులోనే ఎక్కింది.
కంప్యూటర్ రెండుసార్లు తిప్పికొట్టింది,
ఇంటిపేరు ముందుందని.
గౌసియా ఇప్పటికీ "నుగ్యానే" అంటుంది,
ఆ అమ్మాయీ పలుకుతుంది.
చెంగమ్మ చేపల పులుసు మాత్రం
కారం తగ్గించకుండానే రెండోసారి వడ్డిస్తోంది.

అట్టముక్క ప్రింటర్ వెనక ఉంది. పారేద్దామంటే ఒప్పుకోడు.
జనవరిలో ఘానా నుంచి ఇద్దరు వస్తున్నారు.
పేర్లింకా రాలేదు.
మాలకొండయ్య
ఞ మీద ఆశ పెట్టుకున్నాడు.