సొంతవాక్యం

దామలచెరువు మండీలో
తూకం చీటీల వెనకవైపు నా ఇంగ్లీషు.
ముందువైపు తోతాపురి, పద్దెనిమిది క్రేట్లు, తరుగు పోను ఇంత.
వెనక, ఆ పొద్దు ఇరవై మాటలు.
పురుషోత్తం సారు లెక్క అది.
"దినానికి ఇరవై మింగండి, బ్యాంకు ఉద్యోగం దానంతటదే వస్తుంది" అంటాడు
తిరుపతిలో, మేడమీది రేకుల షెడ్డులో.

మింగడం కష్టం కాదు.
అరగడమే.
ఆంబివలెంట్ అంటే ఏమని తిప్పితే
"ద్వైధీభావము గలిగిన" అని ఉంది పుస్తకంలో.
ఆ అర్థానికి అర్థం ఎవర్నడగాల?
కాయలు ఏరే మునెమ్మక్క వివరం చెప్పమనింది.
మనసు ఇటూ పోదు, అటూ పోదు,
రెండు పక్కలా లాగతా ఉంటుందని చెప్పినాను.
గంపలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.
"దోరకాయ" అనింది.
పచ్చీ కాదు, పండూ కాదు.
ఉప్పూకారం అద్దినా ఒప్పుకుంటుంది, ఊరికే కొరికినా ఒప్పుకుంటుంది.
ఆ మాట ఇంక మర్చిపోలేదు నేను.

అప్పట్నుంచీ అదొక పిచ్చి.
టీనేషియస్: సోపు రుద్దినా గోరు వదలని మామిడి సొన.
ఎఫెమరల్: కాయ రేటు. పొద్దున పద్దెనిమిది, మజ్జేనానికి పదకొండు.
వర్బోస్ అంటే కమీషన్ కొట్టు చెంగల్రాయుడు మామ, ఫోన్లో.
మునెమ్మక్క పడీపడీ నవ్వేది.
కొన్నిటికి మాత్రం తల అడ్డంగా ఊపేది,
"ఇది మనకొద్దులే మే, దొరలనే పెట్టుకోనీ."

నీలాలు దిగేనాటికి
వెయ్యీ నూటా నలభై అయినాయి.

ఆ సాయంత్రం మాట ఎస్ట్రేంజ్డ్.
"వైమనస్యముచే ఎడబాసిన" అనింది పుస్తకం.
తగువుపడి దూరమైన అయినవాళ్ళక్కా, అని
ఎప్పట్లానే విప్పి చెప్పినాను.
ఆమె నవ్వలేదు. గంపలో చెయ్యి పెట్టలేదు.
చేతులు కొంగుకు తుడుచుకుని,
"మాటల్లేవు అంటాం కదే.
నీకూ మీ రెడ్డెమ్మకూ మాదిరి."

చీటీ డబ్బులు. మూడేండ్లయింది.
పాడింది నేను. జామీను పడింది అక్క.
నాలుగు కంతులు ఎగ్గొట్టింది నేను.
కుదువకు పోయిన కమ్మలు అక్కవి.
తప్పెవరిదని ఎవరూ అడగలేదు,
తెలుసు గనక నేనూ అడగలేదు.

వెయ్యీ నూటా నలభై మాటలు సంచీలో వేసుకుని
పాకాలలో తిరుపతి రైలెక్కినాను.
కిటికీ పక్కన అక్క, ఆసుపత్రి నైట్ డ్యూటీకి పోతా.
చెవి తూట్లు పూడకుండా వేపపుల్లలు.
పక్క సీట్లో ఆమె టిఫిను సంచీ.

అర్థం తెలిస్తే చాలదంటాడు సారు,
సొంతవాక్యంలో వాడితేనే మాట నీదవుతుందంటాడు.
పనపాకం దాటేదాకా నిలబడే ఉన్నాను
నోట్లో వాక్యం కట్టుకుంటా, కొట్టేసుకుంటా.

"అక్కా, కొంచెం జరుగు."

ఆమె పలకలేదు.
సంచీ తీసి ఒళ్ళో పెట్టుకునింది.