తోడు

ఫ్రిజ్ మూడో అరలో చిన్న స్టీలు గిన్నె.
ఆరేళ్ళలో ఒక్క రాత్రి కూడా
అది ఖాళీగా పడుకోలేదు.
సండర్లాండ్‌లో నా మొదటి చలికాలం,
వార్డులో నైట్ షిఫ్టు దిగి
రోహిణమ్మగారు ప్లాస్టిక్ కప్పులో పోసి
మూతకి రబ్బరు బ్యాండు చుట్టి
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిచ్చిన తోడు.

ఊర్మి డైపరులో
ఆవగింజంత ఎర్రచుక్క కనబడిన రోజు
హెల్త్ విజిటర్ మోరీన్ టీ కప్పు కింద పెట్టి అంది:
"ఆవుపాలు పడట్లేదు. నువ్వు తాగినవే
నీలోంచి తనకి వెళ్తున్నాయి."
సాక్షి దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాను.
"నేరం కాదు తల్లీ,
ఆరు వారాలు మానేసి చూడు" అంది.

మానేసి చూడు.
పెరుగన్నం తినకుండా పీట మీంచి లేస్తే
మా అమ్మమ్మ
"ఎవరి మీద అలిగావే?" అనేది.

ఇక్కడ చట్టం మంచిది.
పొట్లాల మీద పాలు అన్న మాటని
లావు అక్షరాల్లో అచ్చు వేస్తారు.
రొట్టెలో పాలు. సాసేజీలో పాలు.
వెనిగర్ చిప్స్‌లో కూడా పాలే,
ఆ బంగాళాదుంపకి ఉగ్గు ఎవరు పట్టారో!
దుకాణం నడవాలో పాపని ఊపుతూ
కేసిన్, వే, లాక్టోజ్ అని
దండకంలా గొణుక్కుంటుంటే
ఒకావిడ జాలిగా దారిచ్చింది.

ఓట్స్ పాల టీ
వెల్ల వేశాక బకెట్టు కడిగిన నీళ్ళలా ఉంది.
కొబ్బరి పెరుగులో ఆవకాయ కలిపాను.
ఒకే ముద్దలో ఇద్దరూ
పరిచయం లేని ప్రయాణికుల్లా కూర్చున్నారు.

రాత్రి మూడింటికి ఊర్మి
విల్లులా వెనక్కి వంగి,
తాగుతూ తాగుతూనే గుద్దుతుంది.
తల్లిపాలు తాగి రొమ్ము గుద్దడం అని
సామెత కట్టి తిట్టిపోశారు గానీ,
ఆ గుద్దినవాడికి కడుపునొప్పేమో
ఒక్కరైనా అడిగారా?

గిన్నెని పక్కింటి బోజెనాకి అప్పగించాను.
రెండ్రోజులకోసారి గోరువెచ్చటి పాలు పొయ్యి,
తోడుకునేదాకా కదపకు,
మంచు పడితే బాయిలరు పక్కన పెట్టు.
తోడు అన్న మాటకి ఇంగ్లీషు దొరకలేదు.
స్టార్టర్ అంటే పరుగుపందెంలా ఉంది.
"కంపెనీ" అన్నాను చివరికి,
"పాలకి కంపెనీ."
ఆమె తలూపింది. నాకంటే బాగా
అర్థమైనదానిలా ఊపింది.

"చెత్త పారేసొస్తా" అని కిరీటి
రోజూ రాత్రి పదింటికి బయటికెళ్తాడు.
మా ఇంట్లో అంత చెత్త ఉండదు.
ఓ రోజు కర్టెన్ తీసి చూస్తే
కారులో లైటు వేసుకుని, డబ్బా మూతి దగ్గర పెట్టుకుని
పెరుగన్నం తింటున్నాడు, చలికి భుజాలు ముడుచుకుని.
లోపలికొచ్చాక మీసానికి మీగడ.
నేనేమీ అనలేదు. తుడవనూ లేదు.
చాలా వారాల తరవాత
బాత్రూంలోకెళ్ళి నవ్వుకున్నాను.

ఐదో వారానికి ఊర్మి బుగ్గలు నునుపు తేలాయి.
నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయింది.
ఊపిరి ఆడుతోందో లేదో అని
నేను మాత్రం కూర్చునే ఉన్నాను.

తరవాత మోరీన్ ఓ కాగితం తెచ్చింది: పాల నిచ్చెన.
మొదటి మెట్టు బిస్కెట్టు, అందులో సగం.
మూడు రోజులు. ఏమీ కాలేదు.
రెండో మెట్టు మఫిన్.
మూడో రాత్రికి పాము మింగింది:
మళ్ళీ ఏడుపు, మళ్ళీ ఎర్రచుక్క.
వైకుంఠపాళిలో నేను చిన్నప్పుడూ ఇంతే,
ఎప్పుడూ కిందికే.
"రెండు నెలలాగి ఎక్కుదాం" అంది మోరీన్.
బహువచనం వాడినందుకు
ఆమెని కౌగిలించుకోవాలనిపించింది.

నిన్న బోజెనా ఇంటికెళ్ళాను.
ఆమె కొడుకులిద్దరూ నా తోడు పెరుగులో
నల్లద్రాక్ష జామ్ కలుపుకుని నాకుతున్నారు.
రోహిణమ్మగారు చూస్తే ఏమనేవారో!
"తినను. ఒక్కసారి మూత తియ్యి చాలు" అన్నాను.
తీసింది.
పైన పల్చటి తేట, అంచున మీగడ,
ఆ పులుపు వాసన.
చంకలోంచి ఊర్మి చెయ్యి చాపింది.
"వద్దు" అన్నాం ఇద్దరం ఒకేసారి,
ఎవరి భాషలో వాళ్ళం.

అమ్మమ్మా,
ఎవరి మీదా అలగలేదే.

బోజెనా మూత పెట్టేసింది.
రేపు పాలు పోసే రోజుట.