సగం గింజ

మెంజ్ కొండల మీద చలికి
సుద్దముక్క వేళ్ళలో నిలవదు.
ఆ వారం పాఠం: గింజ.
ముప్పై నలుగురికి మూడే పుస్తకాలు.
అందుకే చెప్పాను,
రాత్రంతా నీళ్ళలో నానేసి
తలా ఒక బకేలా చిక్కుడు గింజ పట్టుకురమ్మని.

తెచ్చారు. అరచేతుల్లో, చొక్కా అంచుల్లో,
దెసాలెన్ అయితే బుగ్గలో.
ఎమావయిష్ మాత్రం గుప్పిట విప్పలేదు.

ముందు పైతోలు, అన్నాను. బీజకవచం.
నానాక చూడండి,
వానకు తడిసిన గాబీ భుజం మీంచి జారినట్టు జారుతుంది.
ఇదిగో ఈ నల్లటి గీత, విత్తుచార,
కాయలో తల్లిని అంటుకుని ఉన్న చోటు.
"బొడ్డు!" అన్నాడు దెసాలెన్, గింజ ఇంకా బుగ్గలోనే ఉంచుకుని.
బొడ్డే.
ఇద్దరు చొక్కాలెత్తి సరిచూసుకున్నారు.

గీత కొసన సూదిమొన పట్టే కన్నం.
గింజను మెల్లగా నొక్కాను,
అక్కణ్ణించి ఒక నీటిబొట్టు ఉబికింది.
"ఏడుస్తోంది" అంది ముందు వరసలో పిల్ల.
కాదమ్మా, రాత్రంతా తాగింది.
తాగిందాన్ని మనమే కక్కిస్తున్నాం.

ఆ తర్వాత రెండు బద్దలు.
ఇవి ఆకులే, ఎండ మొహం చూడని ఆకులు.
కొన్ని చిక్కుళ్ళకు ఇవి నేల చీల్చుకుని పైకొస్తాయి,
బకేలాకు రావు.
మొక్క వెలుగులోకి పోతుంది,
ఇవి మట్టిలోనే ఉండి
దానికి పెట్టి పెట్టి వడిలిపోతాయి.

రెంటి నడుమ,
ఒక బద్దను మాత్రమే అంటుకుని,
మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నది అంకురం.
ఈ మొన వేరవుతుంది. ఈ ముడత కాండమవుతుంది.
"పైకేదో కిందికేదో దానికెవరు చెప్తారు, మాస్టారూ?"
పుస్తకంలో రెండు బాణాలున్నాయి.
అంతకుమించి నాకూ తెలీదు.

నీదేదీ, అని అడిగాను ఎమావయిష్‌ను.
గుప్పిట విప్పింది. ఎండు గింజ. నీటిచుక్క తగల్లేదు.
"ఇది విత్తనానిది. నాయనమ్మ లెక్కపెట్టి ఉంచింది,
రెండొందల పదకొండు.
కోస్తే ఒక మొక్క పోతుంది."
గదిలో ఎవరూ నవ్వలేదు.
నేను విప్పిన గింజనే ఆమె చేతిలో పెట్టి
పలక తుడవడానికి అటు తిరిగాను.

విరామంలో గోడవార కూర్చుని నములుతోంది.
ఒక బద్ద నోట్లో, ఒక బద్ద అరచేతిలో.
నన్ను చూసి కంగారు పడలేదు.
"ఈ బద్దలో ఎవరూ లేరు, మాస్టారూ.
అందుకే తిన్నాను.
దీంట్లో పడుకున్నారు, దీన్ని పాతుతా."

తోలు లేదు, కుళ్ళిపోతుంది అన్నాను.
సగం కూడే ఉంది, సగం దూరమే పోతుంది అన్నాను.
ఆమె పేడదిబ్బ పక్కన వేలితో గుంట చేసింది.

పదమూడో రోజున వచ్చింది,
మెడ వంచుకుని, పలచగా,
గోడను అడిగి నిలబడ్డట్టు.
నాలుగు ఆకులు వేశాక
దారిన పోయే గొర్రె మొదలంటా కొరికేసింది.

ఇక అయిపోయిందమ్మా అన్నాను, పెద్దవాణ్ణి కదా.
వారం తిరక్కుండా
కొరికిన చోటు నుంచి కాదు,
ఇంకా కింద నుంచి, చీకట్లోంచి
మరో మొలక.

పరీక్షలో అడిగాను: గింజ భాగాలు రాయండి.
ఎమావయిష్ రాసింది:
తోలు, బొడ్డు, తాగే నోరు, పడుకున్నది,
బద్దలు రెండు, ఒకటి దానిది, ఒకటి నాది.
ఎన్ని మార్కులు వేయాలో తెలియక
ఆ కాగితం ఒక రాత్రంతా నా దిండు కింద ఉంది.

వానలు వెనకబట్టాక మూడు కాయలు కాసింది, పొట్టివి.
ఒక సాయంత్రం బడి ఖాళీ అయ్యాక
వంగి కూర్చుని, పుల్లతో మొదట్లో మట్టి కదిపాను,
ఆ సగం బద్ద ఇంకా ఉందా,
ఉంటే ఎంత మిగిలిందో చూద్దామని.

రెండు వేళ్ళ లోతు తవ్వి ఆగాను.
మట్టి మళ్ళీ కప్పేశాను.